రెస్క్యూ చేసిన డాబర్‌మన్‌ని ఫ్లాట్‌లో పెంచుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో గొలుసుతో కట్టేసి వదిలేసిన నాలుగేళ్ళ మగ డాబర్‌మన్‌ని ఎవరో తీసుకొచ్చి రెండు నెలలుగా తమ ఇంట్లో సాకుతున్నారు. "మనుషులంటే ప్రాణం, వచ్చి ఒళ్ళో పడుకుంటాడు, మంచి ఇల్లు కావాలి" అని పెట్టిన ఫోటో చూసినప్పటి నుంచి మీకు మనసు మనసులో లేదు. మీది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మీరూ, మీ ఆవిడా ఉద్యోగస్తులు. ఇంట్లో మీ అమ్మగారు, ఆరేళ్ళ పాప. అమ్మగారేమో "ఆ కుక్క గుమ్మంలోకి వస్తే నేను ఊరెళ్ళిపోతా" అంటున్నారు. కరుస్తుందా, పాపకి ప్రమాదమా, అపార్ట్‌మెంట్ వాళ్ళు ఊరుకుంటారా అని మీ టెన్షన్.

నేను పద్నాలుగేళ్ళుగా ఇలా వదిలేసిన కుక్కల్ని ఇంట్లో పెట్టుకుని, కుదుటపడ్డాక వేరే ఇళ్ళకి పంపిస్తున్నాను. వాటిలో డాబర్‌మన్‌లు పదకొండు. రెండు మాత్రం ఎక్కడికీ పోకుండా మా ఇంట్లోనే ఉండిపోయాయి, అది వేరే కథ. సూటిగా చెప్పాలంటే, ఫ్లాట్‌లో పెంచుకోవచ్చు. చాలామంది పెంచుతున్నారు. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా వాడు ఎవరి పక్కన ఉంటాడు?

ఈ జాతి ఎలా పుట్టిందో తెలిస్తే ఇది ఎందుకు అడుగుతున్నానో అర్థమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలోని అపోల్డా అనే ఊళ్ళో కార్ల్ ఫ్రెడరిక్ లూయిస్ డాబర్‌మన్ అనే ఆయన పన్నులు వసూలు చేసేవాడు. చేతిలో డబ్బుతో సందులన్నీ తిరిగే పని. తన వెంట నడిచే కుక్క కావాలని తనే ఒక జాతిని తయారుచేసుకున్నాడు. ఆయన పేరే దానికి మిగిలింది. ఆయనకి కావలసింది గేటు దగ్గర కట్టేసే కుక్క కాదు, మోకాలి పక్కన నడిచే కుక్క. మనవాళ్ళు మాత్రం ఫోటో చూసి, "కాపలాకి బాగుంటుంది" అని కొని, ఇంటికి వంద గజాల అవతల మామిడిచెట్టుకి కట్టేస్తారు. మనిషి మొహం రోజుకి రెండుసార్లు, అదీ గిన్నెలో అన్నం పడేసేటప్పుడు కనిపిస్తుంది. ఆర్నెల్లకి అది ప్రతి చప్పుడుకీ అరుస్తుంది, లేదా ఏ చప్పుడుకీ లేవదు. రెండోదే నాకు ఎక్కువ భయం.

"ప్రేమగా ఉంటాడు" అని ఆ పోస్ట్‌లో రాసిన మాట నిజమే అయ్యుంటుంది. ఆ ప్రేమ ఇంట్లో ఎలా ఉంటుందో చెప్తాను.

మా మల్లి వచ్చిన మొదటి రాత్రి వరండాలో గోనెసంచి వేసి పడుకోబెట్టాం. పాపం, నాలుగు ఈతలు ఈనించి, ఇక పిల్లలు పుట్టవని తేలాక వదిలేసిన ఆడకుక్క. రొమ్ములు వేలాడుతూ ఉండేవి, మెడ చుట్టూ గొలుసు ఒరుసుకున్న చోట వెంట్రుక లేదు. రాత్రి ఒంటిగంటకి గోళ్ళతో తలుపు గీకింది. తీశాను. లోపలికొచ్చి, నా కాళ్ళ మధ్య నుంచి దూరి, నడుము మొత్తం నా మోకాలికి ఆనించి నిలబడింది. నాకడం లేదు, ఎగరడం లేదు. ఊరికే బరువంతా ఆనించింది, అంతే. దాని తోక చిన్నప్పుడే కోసేశారు కాబట్టి ఊపడానికి ఏమీ లేదు. అందుకని వెనక భాగం అంతా ఊపుతుంది, కుండ తలకెత్తుకున్న మనిషి నడిచినట్టు. ఆ తర్వాత నా పాత దుప్పటి కొస నోట్లో పెట్టుకుని చంటిపిల్లలా చీకుతూ నిద్రపోయింది. డాబర్‌మన్‌లలో ఈ చీకే అలవాటు కొన్నిటికి ఉంటుంది, కొన్ని తమ డొక్కనే చీకి పుండు చేసుకుంటాయి. మీరు చూడబోయే వాడి డొక్కల మీద వెంట్రుక తడిగా, పలచగా ఉందేమో చూడండి.

ఇలాంటి కుక్క మీరు బాత్రూంకి వెళ్ళినా తలుపు బయట కూర్చుంటుంది. వంట చేస్తుంటే పాదాల మీద పడుకుంటుంది. నాలుగు రోజులు ముద్దుగా ఉంటుంది. అయిదో రోజు మీరు ఆఫీసుకి వెళ్ళినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. నాలుగేళ్ళ కిందట ఒక జంటకి ఇలాంటి మగకుక్కనే ఇచ్చాను. మంచి మనుషులు, ఖరీదైన పరుపు కూడా కొన్నారు. ఇద్దరూ పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చేవారు. పంతొమ్మిదో రోజు ఫోన్ చేశారు. తలుపు చట్రం అడుగున్నర మేర కొరికేశాడు, పళ్ళ చిగుళ్ళు నెత్తురు, పక్క ఫ్లాట్‌లో పరీక్షలకి చదువుకుంటున్న పిల్లాడి తండ్రి పోలీసులకి చెప్తానంటున్నాడు. వాడిని వెనక్కి తెచ్చుకున్నాను. తప్పు వాళ్ళది కాదు, కుక్కదీ కాదు. పగలు ఇంట్లో ఎవరుంటారని గట్టిగా అడగకుండా ఇచ్చిన నాది. అప్పటి నుంచి ఆ ప్రశ్న అడగందే ఎవరికీ ఫోటో కూడా పంపను.

అందుకే మీ ఇంట్లో నాకు కనిపిస్తున్న అసలు బలం మీ అమ్మగారు. ఆవిడ వద్దంటున్నారని మీరు బాధపడుతున్నారు గానీ, ఆవిడ ఇంట్లో ఉంటారు కాబట్టే ఈ కుక్క మీ ఇంట్లో నిలబడే అవకాశం ఉంది. ఆవిడ ఒప్పుకోకపోతే మాత్రం తేవద్దు. మీరిద్దరూ బతిమాలి, పాప చేత ఏడిపించి ఒప్పిస్తే అది ఒప్పుకోవడం కాదు. నడుముకి వచ్చే ఎత్తు, ముప్పై అయిదు నలభై కిలోల కుక్కతో రోజంతా గడపాల్సింది ఆవిడ. ఆవిడని తీసుకెళ్ళి చూపించండి. కూర్చోమనండి, వాడిని పిలవద్దనండి. వాడే వచ్చి ఆవిడ మోకాలికి ఆనుకుంటే ఆవిడ మొహం చూడండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక కరవడం. ఏ డాబర్‌మన్ కరవదని నేను రాసివ్వను, ఏ కుక్క గురించీ రాసివ్వను. రెండు నెలలుగా ఇంట్లో సాకుతున్న మనిషికి తెలిసినంత మనకి ఫోటోలో తెలియదు. ఆ మనిషిని "మంచివాడేనా?" అని అడగకండి, "మంచివాడే" అంటారు. వాడు తింటుండగా గిన్నె దగ్గరికి వెళ్తే గట్టిగా బిగుసుకుపోతాడా? చీపురు ఎత్తితే ఏం చేస్తాడు? హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి వస్తే? మెడ దగ్గర పట్టీ పట్టుకుంటే తల తిప్పి చేతి వైపు చూస్తాడా? పిల్లలు పరిగెడితే వెంటపడతాడా? ఇంట్లో వేరే కుక్కలు, పిల్లులు ఉన్నాయా? ఒంటరిగా ఎంతసేపు ఉన్నాడు, ఆ సమయంలో ఏమైంది? ఇలా అడగండి. ఇవన్నీ నేను సొంతంగా దెబ్బలు తిని నేర్చుకున్న ప్రశ్నలు. గొలుసుతో పెరిగిన కుక్క మెడ దగ్గర చెయ్యి పడితే బెదిరి గభాల్న పళ్ళు ఆనించడం మామూలే. అది చెడ్డ కుక్క అని కాదు, కానీ ఆరేళ్ళ పాప ఉన్న ఇంటికి ఆ సంగతి ముందే తెలియాలి.

కనీసం రెండుసార్లు వెళ్ళండి, ఒకసారి పాప లేకుండా, ఒకసారి పాపతో. మొదటిసారి వాళ్ళింట్లో కాకుండా వీధిలో కలిసి నడవండి. పాపకి మూడు సంగతులు నేర్పాలి: తింటున్నప్పుడు దగ్గరికి పోకూడదు, నిద్రపోతున్నవాడి మీద పడకూడదు, మెడ చుట్టూ చేతులేసి వాటేసుకోకూడదు. మూడోది పిల్లలకి కష్టం, ఫోటోలన్నిటిలో అదే కదా ఉంటుంది. ఇవన్నీ నేర్పినా, పెద్దవాళ్ళు గదిలో లేకుండా పాపనీ కుక్కనీ ఒక్కచోట వదలకండి. నా అనుభవంలో పాపకి కాటు కంటే ముందు వచ్చే ప్రమాదం ఢీకొట్టడం. కాలింగ్ బెల్ మోగగానే వాడు గుమ్మానికి ఉరికితే, మధ్యలో పాప ఉన్నా, మీ అమ్మగారున్నా కింద పడతారు. అందుకే బెల్ మోగితే వాడు చాప మీదికి వెళ్ళి కూర్చోవడం మొదటి నెలలోనే నేర్పాలి.

నేర్పడం అంటే ఒక మాట. ఈ ఫామ్‌హౌస్ కుక్కలకి "సిట్" అంటే చాలాసార్లు అర్థం కాదు. నా దగ్గరికి వచ్చిన ఒకడు పదిహేను రోజులు నా మొహం చూస్తూ నిలబడేవాడు. ఏసీ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి సరదాగా "బైఠ్" అన్నాడు. ఠక్కున కూర్చున్నాడు! ఫామ్‌హౌస్ కాపలావాళ్ళు హిందీ వాళ్ళయి ఉంటారు. తెలుగు, హిందీ రెండూ ప్రయత్నించి చూడండి.

ఇప్పుడు ఆరోగ్యం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, డబ్బు ఖర్చయ్యేదీ గుండె పగిలేదీ ఇక్కడే.

మన ఊళ్ళలో ఫామ్‌హౌస్ నుంచి వచ్చిన ప్రతి కుక్కకీ పిడుదులు పట్టి ఉంటాయనుకోండి. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ఎర్లిషియా, బేబీసియా అని రెండు రకాలు ఎక్కువ. ఎర్లిషియా తెలివైన జబ్బు, తగ్గినట్టే తగ్గి నెలల తరబడి ఒంట్లో దాక్కుంటుంది. తిండి తగ్గడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి నెత్తురు, పొట్ట మీద ఎర్రని చుక్కలు, ఇవి గుర్తులు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి. ఎర్లిషియాకి డాక్సీసైక్లిన్ అనే మందు మామూలుగా 28 రోజులు వాడతారు. సాకుతున్నవాళ్ళు మొత్తం కోర్సు పూర్తిచేశారా, తర్వాత మళ్ళీ రక్తం చూపించారా అని కాగితాలతో సహా అడగండి. పది రోజులకి హుషారు వచ్చిందని మందు ఆపేసినవాళ్ళని ఎంతమందినో చూశాను.

డాబర్‌మన్‌లో దీనికి ఇంకో ముడి ఉంది. వాన్ విల్లెబ్రాండ్ అనే పుట్టుకతో వచ్చే లోపం ఈ జాతిలో బాగా ఎక్కువ. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రోటీన్ తక్కువగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. ఆపరేషన్ బల్ల మీద తెలుస్తుంది. వాడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇంకా చేయించలేదంటే, చేసే ముందు డాక్టర్ గారితో "పెదవి లోపల చిన్న గాటు పెట్టి రక్తం ఎంతసేపట్లో ఆగుతుందో చూడండి" అని చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి సుమారు నాలుగు నిమిషాల లోపు ఆగిపోవాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఆపరేషన్ పెట్టుకోవద్దు.

అసలు శత్రువు గుండె. డీసీఎం అంటారు. గుండె కండరం బలహీనపడి, గుండె సాగిపోయి, కొట్టుకునే లయ తప్పుతుంది. జర్మనీలో డాబర్‌మన్‌ల మీద చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జీవితకాలంలో సగానికి పైగా కుక్కల్లో ఇది కనిపించింది. బయటికి ఏమీ కనిపించకుండానే లోపల ఏళ్ళ తరబడి సాగుతుంది. మా ఇంట్లోనే ఉండిపోయిన రెండో డాబర్‌మన్ బంతి వెంట పరిగెత్తి, బంతి నోట్లో పెట్టుకుని వెనక్కి వస్తూ పడిపోయాడు. ఏడేళ్ళు. మేం చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ముందే పరీక్ష చేయించి ఉంటే మందులతో ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో. మూడేళ్ళు దాటినప్పటి నుంచి ఏటా ఎకో అనే గుండె స్కాన్, వీలైతే గుండె లయని చూడడానికి ఒక రోజంతా ఒంటికి కట్టే హోల్టర్ పరీక్ష చేయించడం మంచిది. క్లినిక్‌లో రెండు నిమిషాలు తీసే ఈసీజీలో లయ తప్పడం దొరక్కపోవచ్చు, అందుకే ఇరవైనాలుగు గంటలు. మీ వాడికి నాలుగేళ్ళంటున్నారు, ఇంటికి తెచ్చుకునే ముందే ఒకసారి ఎకో చేయించండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో వాకబు చెయ్యండి. పరీక్షలో ఏదైనా తేలితే తెచ్చుకోవద్దని నేననను, కానీ పాపకి ఏం చెప్పాలో మీకు ముందే తెలుస్తుంది.

పొట్ట సంగతి కూడా. ఛాతీ లోతుగా ఉండే కుక్కలకి పొట్ట గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పొట్ట డోలులా బిగిసి, వాంతికి వస్తున్నట్టు డోకుతూ ఏమీ రాకపోతే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. తెల్లారనిద్దాం అనుకుంటే కుక్క మిగలదు. రోజుకి ఒకేసారి గిన్నె నింపకుండా రెండు పూటలుగా పెట్టండి, తిన్నాక గంటసేపు ఎగరనివ్వద్దు. పెరుగన్నం పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. కొంచెం పెట్టొచ్చు, కానీ అదే తిండి కాకూడదు, వాడికి మాంసకృత్తులు కావాలి. మన కూరలు, పులుసులు వద్దు, ఉల్లి వెల్లుల్లి కుక్కలకి విషం. మా ఇంట్లో ఒక్క డాబర్‌మన్ తిండికి నెలకి నాలుగు నుంచి ఆరు వేలు అవుతోంది, పిడుదుల మందు కాకుండా.

ఎండ గురించి. నల్లటి పొట్టి వెంట్రుక, ఒంట్లో కొవ్వు తక్కువ. ఎండాకాలంలో మాడిపోతాడు, డిసెంబర్‌లో వణుకుతాడు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరున్నరకల్లా నడక అయిపోవాలి. రోడ్డు మీద మీ అరచేయి వెనక వైపు ఆనించి అయిదు సెకన్లు ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉండలేవు. రోజుకి రెండు నడకలు, ఒక్కోటి నలభై నిమిషాలు, వానొచ్చినా తప్పదు. మూడో అంతస్తు నుంచి దిగి వెళ్ళాలి, బాల్కనీలో వార్తాపత్రిక పరిస్తే సరిపోదు. ఈ పని ఎవరు చేస్తారో భార్యాభర్తలు ముందే తేల్చుకోండి.

అపార్ట్‌మెంట్ వాళ్ళ భయం అక్కర్లేదు. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ ఓటు వేసినా సరే, సొసైటీ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు. లిఫ్ట్ వాడొద్దని అనకూడదు, జాతి, సైజు చూసి గీత గీయకూడదు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద నిషేధం పెట్టాలని రాష్ట్రాలకి రాసిన లేఖలో డాబర్‌మన్ పేరు లేదు. ఆ సర్క్యులర్‌ని కర్ణాటక హైకోర్టు తర్వాత కొట్టేసింది కూడా. ఇవి గుర్తుంచుకోండి, కానీ అసోసియేషన్ మీటింగ్‌లో కాగితం ఊపుతూ మొదలుపెట్టకండి. లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే తర్వాతి ట్రిప్‌లో వెళ్ళండి, పొట్టి పట్టీతో పట్టుకోండి, మొదట్లో మూతికి బుట్ట మజిల్ అలవాటు చెయ్యండి, మలం సంచిలోకి ఎత్తండి. నెల తిరిగేసరికి పిల్లలే వాడి పేరు పెట్టి పిలుస్తారు. కార్పొరేషన్‌లో రిజిస్ట్రేషన్, ఏటా రేబిస్ టీకా కాగితం దగ్గర ఉంచుకోండి.

ఆ ఫామ్‌హౌస్ వాళ్ళ మీద కేసు పెట్టొచ్చా అని కూడా అడిగారు. కుక్కని దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమే. మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఫిర్యాదు ఇవ్వొచ్చు, నేనిచ్చాను కూడా రెండుసార్లు. నా మట్టుకు ఆ ఓపికని కుక్క మీద పెట్టడం మేలనిపించింది.

ఇంకొకటి, జాగ్రత్త. దత్తత పేరుతో "కుక్క ఉచితం, రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ ముందు పంపండి" అనేవాళ్ళు చాలామంది తయారయ్యారు. కుక్కని కళ్ళారా చూడకుండా రూపాయి పంపకండి. నిజంగా సాకుతున్నవాళ్ళు మీ ఇంటికొచ్చి చూస్తామంటారు, బాల్కనీకి గ్రిల్ ఉందా, పగలు ఎవరుంటారు అని విసిగిస్తారు. అలా విసిగించేవాళ్ళ దగ్గరే తెచ్చుకోండి.

అన్నీ కుదిరి తెచ్చుకుంటే, మొదటి మూడు రోజులు వాడు తినకపోవచ్చు, మూలన పడి ఉండొచ్చు. మూడు వారాలకి అసలు స్వభావం బయటపడుతుంది, ఇల్లు తనదని నమ్మడానికి మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలల్లో చుట్టాల్ని పిలిచి చూపించడం, స్నానాల హడావుడి పెట్టుకోకండి. వినాయక చవితి, దీపావళి రోజుల్లో డీజేలు, టపాసుల మోత ఉంటుంది, ఆ వారాల్లో మాత్రం తేవద్దు. వీలైతే మీలో ఒకరు మొదటి పది రోజులు ఇంటి నుంచి పని చెయ్యండి. రెండో రోజు నుంచే అయిదు నిమిషాలు బయటికెళ్ళి రండి, తర్వాత పది, తర్వాత అరగంట. అమ్మగారు గుడికి వెళ్ళినప్పుడు ఇల్లు ఖాళీ అవుతుంది కదా, ఆ గంటకి వాడు ముందే అలవాటు పడాలి.

ఈ ఆదివారం చూడ్డానికి వెళ్తామన్నారు. అమ్మగారిది ఒక పాత నేత చీర తీసుకెళ్ళి, వాడు పడుకునే చోట వేసి, అక్కడే వదిలేసి రండి. తెచ్చుకునే రోజున దాన్ని ఉతక్కుండా వాడితోపాటు తీసుకురండి.